కుడికి మూడు మెలికలు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలోనూ, కృష్ణకు ఇవతల వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు దాకానూ, చేత్తో పనిచేసే మనిషి నోట పలికే మాటల్లో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. నాలుగు వేల మాటలు కూడబెట్టాను. ప్రతి మాటకూ అర్థం, చెప్పిన మనిషి, విన్న ఊరు రాసి పెట్టాను. ఒక్కటంటే ఒక్క తప్పు దొర్లలేదు. హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆచార్యుడు జీపు కట్టించుకొని వనపర్తిలో మా ఇంటికి వచ్చి, నా పుస్తకాన్ని రెండు చేతులా కళ్లకద్దుకొని, “మేం ముప్పై ఏళ్లలో చేయలేని పని మీరొక్కరే చేశారు” అన్నాడు.

ఈ నాలుగు ముక్కలూ నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగాయి. డెబ్బై దాటాక పెంచడానికి ఓపిక తగ్గింది కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. నాలుగు వేలు కావు, ఆరువందల పైచిలుకు. అందులో నలభై దాకా మా ఇంటామె వంటింట్లోంచి అన్నవే. ఆచార్యుడు వచ్చిన మాట నిజం, జీపు నిజం. అయితే ఆయన వచ్చింది మా వెనక వీధిలో బంధువుల ఇల్లు వెతుక్కుంటూ. మంచినీళ్లు అడిగాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు నేను పుస్తకం ఆయన ఒళ్లో పెట్టేశాను. రెండు పేజీలు తిప్పి “బాగుందండీ” అన్నాడు. కళ్లకద్దుకున్నది నేను చేర్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు, అంతే.

తప్పు దొర్లలేదన్న మాటను మాత్రం తగ్గించి సరిపెట్టడానికి లేదు. మొత్తం వెనక్కి తీసుకోవాలి. ఒక తప్పుంది. అది తెలియక దొర్లింది కూడా కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బాగా ఆలోచించి, నా చేత్తో నేను రాశాను.

బడిలో సోషల్ పాఠాలు చెప్పి ఉద్యోగం నుంచి దిగిపోయాక, మన ప్రాంతపు చేతిపనుల మీద ఒక పుస్తకం రాద్దామని నాకు బుద్ధి పుట్టింది. రెండో పేజీలోనే బండి ఆగింది. మగ్గం గురించి రాయాలంటే మగ్గం భాగాల పేర్లు రావు. నాగలి గురించి రాయాలంటే నాగలికి ఎన్ని ముక్కలుంటాయో తెలియదు. ముప్పై ఏళ్ల పైన పిల్లలకు రాజుల పేర్లు వరసగా అప్పజెప్పించిన వాడికి ఎదురింటి వడ్రంగి చేతిలో పనిముట్టును ఏమంటారో తెలియదు. అందుకని ముందు మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. పుస్తకం కోసం చేసిన పని పుస్తకాన్నే మింగేసింది. ఆ చరిత్ర ఇప్పటికీ రెండో పేజీలోనే ఉంది.

బడి నుంచి వచ్చేటప్పుడు వాడని హాజరు పట్టీ ఒకటి నా సంచిలో పడింది. పడిందని ఇంట్లో చెప్పాను. వేసుకున్నాను. పొడుగాటి పుస్తకం, ఎడమ పక్క పేర్ల వరస, దాని పక్కన తేదీల గళ్లు. పేరు రాయాల్సిన చోట కొత్త మాట రాసేవాణ్ని. అర్థం ఎదురు పేజీలో. ఆ మాట మళ్లీ ఇంకో మనిషి నోట, ఇంకో రోజు వినబడితే ఆనాటి గడిలో ‘హా’ అని పెట్టేవాణ్ని. కొన్ని మాటలకు నెల తిరిగేసరికి గళ్లు నిండేవి. కొన్నింటికి మొదటి ‘హా’ తర్వాత ఏమీ ఉండేది కాదు. వాటిని చూస్తుంటే, మొదటి రోజు వచ్చి మళ్లీ బడి మొహం చూడని పిల్లలు గుర్తొచ్చేవారు.

“బడి బందైనా మీకు హాజరు బంద్ కాలేదు” అనేది మా ఇంటామె.

పెబ్బేరు సంతలో ఎడ్ల దళారి ఒకాయన పళ్లను బట్టి ఎద్దు వయసు ఎట్లా చెబుతారో వివరించాడు. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు. మొత్తం వచ్చేశాక ఏమంటరని అడిగాను.

“పండ్లు కలిసినయి అంటం సారూ” అని, నా నోట్లోకి తొంగిచూసి, “మీయి కలిసి మళ్ల ఇడిపోతున్నట్టున్నయి గద!” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అదీ రాసుకున్నాను.

గద్వాలకు మొదటిసారి వెళ్లింది రెండువేల మూడులోనో నాలుగులోనో. వానలు ముఖం చాటేసిన ఏడు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్ ఆయనను, మగ్గం గురించి బాగా చెప్పగలిగిన మనిషి ఎవరని అడిగితే, ఒక సందు చూపించి, “లోపటికి పోండ్రి, చప్పుడు వినబడ్తది” అన్నాడు.

చప్పుడు వినబడింది. ముందుగదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని నేల మట్టాన కూర్చుని నేస్తున్న పెద్దాయన. నాకన్నా పదేళ్లు పెద్ద. పక్కన రాట్నం ముందు ఆయన కోడలు, కండెలకు దారం చుడుతోంది. కొడుకు మగ్గం వదిలేసి ఆటో నడుపుకుంటున్నాడు. ఆ ఇంట్లో పని మామా కోడళ్ల చేతుల మీద నడుస్తోంది.

వచ్చిన సంగతి చెప్పాను.

“మాటలా?” అని ఆయన నవ్వాడు. “మాటలకేం సారూ, ఎన్నన్న చెప్త. కూసోండ్రి. బిడ్డా, సారుకు చాయ్ పెట్టు.”

అట్లా మొదలై ఆర్నెల్లపాటు వారానికోసారి పోయాను. వనపర్తిలో బస్సెక్కి, పెబ్బేరులో దిగి ఇంకో బస్సు పట్టుకుని, కృష్ణ వంతెన దాటి, పదకొండు కొట్టేసరికి ఆ గడపలో ఉండేవాణ్ని. మగ్గానికి ఒక పక్కన గోడకానుకుని కూర్చుని, హాజరు పట్టీ ఒళ్లో పెట్టుకునేవాణ్ని.

“నాడె అని రాసిండ్రా?” అని ఒకరోజు అడిగాడు పెద్దాయన.

“రాసిన.”

“ఏమని?”

“పేక దారాన్ని ఇటు దిక్కు నుంచి అటు దిక్కు మోసే కొయ్య పనిముట్టు.”

ఆయన చేతులు ఆపకుండానే కాసేపు ఆలోచించాడు. “మరి అటు నుంచి ఇటు ఎవరు తెస్తరు? పెబ్బేరు బస్సా?”

కోడలు రాట్నం మీదికి ఇంకొంచెం వంగింది. నేను కొట్టేసి మళ్లీ రాశాను.

రాయచూరు పక్క చుట్టరికాల వల్ల ఆయన మాటల్లో కన్నడం దొర్లేది. నేను ఒకే మాట మూడుసార్లు అడిగితే “బ్యాడ సారూ, బ్యాడ” అని, వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. మాట్లాడేటప్పుడు నా మొహంలోకి చూసేవాడు కాదు. వాకిట్లో వెలుగు వైపు తిరిగి మాట్లాడేవాడు. పెద్దతరం మర్యాద అనుకున్నాను. దారాన్ని, నాడెను, అంచును ఒక్కసారి వేలితో తడిమి గాని ముందుకు పోయేవాడు కాదు. “వేళ్లతో చూసే మనిషి” అని రాసుకుని, ఆ ముక్క కింద గీత గీసుకున్నాను.

గద్వాల చీర ఎరగనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. చీర ఒళ్లంతా నూలు. అంచూ కొంగూ పట్టు. అంచు పొడుగునా అడ్డంగా వచ్చే నూలు దారం పట్టు దారాన్ని మెలేసి పట్టుకోవాలి, లేకపోతే ఒంటికీ అంచుకూ మధ్య సందులు పడతాయి. కొంగు దగ్గరికి వచ్చాక నిలువు దారాలనే అతకాలి. ఒక్కొక్క నూలు పోగు కొసకు ఒక్కొక్క పట్టు పోగు కొస. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెడతారు. ముడి వేయరు. మెలికే పట్టుకోవాలి. అన్ని వందల పోగుల్లో పది జారినా కొంగు మీద గీత కనబడుతుంది. ఆ పెద్దాయన ఇంటి అతుకు కనబడదని ఊళ్లో పేరు.

ఒకరోజు నేనడగకుండానే చెప్పాడు.

“మా ఇంట్ల ఒక ఆనవాయితి ఉన్నది సారూ, రాసుకోండ్రి. నేసే మనిషి పోతే, మగ్గం మీద మిగిలిన బట్ట అమ్మరు. ఇంటోళ్లె పూర్తి జేస్తరు. యాడాది పెట్టిన నాడు చుట్టాలందరి ముంగట పరుస్తరు. ఒక్కొక్కరు వచ్చి అంచు మీద, కొంగు అతుకు మీద వేలు పెట్టి చూస్తరు. ఆనక ఇంటి ఆడబిడ్డ చేతుల పెడ్తరు. మా నాయనది గట్లనే పరిచినం. ఒక్కడు వంక పెట్టలే.”

“ఇప్పుడెందుకా ముచ్చట?” అన్నాను.

“మనిషి పేరు ఆ బట్ట మీదనే నిలుస్తది సారూ. జీవితమంత నేసింది ఎవరు చూసిండ్రు? అమ్ముడుపోయె, ఏ ఊరికి పోయెనో. ఆఖరిది ఒక్కటే అందరు చూసేది.”

రాట్నం చప్పుడు ఆగింది. కోడలు లేచి లోపలికి వెళ్లింది. చావు మాట విని భయపడిందనుకున్నాను.

అదే చనువుతో, ఆ అతుకు ఎట్లా వేస్తారో చెప్పమన్నాను.

“గది మాటల దొరకదు. దగ్గర కూసోని చూడాలె. వచ్చే వారం ఈ చీరకు కొంగు అతుకుంటది, పొద్దుగాల రాండ్రి.”

వచ్చే వారం నేను పొద్దుగాల వెళ్లలేదు. సంత రోజు కావడంతో పెబ్బేరులో దిగి, దళారులతో మాటల్లో పడి, మధ్యాహ్నానికి గద్వాల చేరాను. అప్పటికే అతుకు అయిపోయింది. పెద్దాయన నా వేలు పట్టుకుని దాని మీద ఆడించాడు. నూలు ఎక్కడ ఆగిందో పట్టు ఎక్కడ మొదలైందో నా వేలికి తెలియలేదు. “శభాష్” అన్నాను. ఎట్లా చేశారని మళ్లీ అడగడానికి సిగ్గేసింది. రమ్మన్న వేళకు రానిది నేనే కదా.

తిరుగు బస్సులో హాజరు పట్టీ తెరిస్తే ‘అతుకు’ ఎదురుగా ఖాళీ. ఆ ఖాళీని చూస్తూ ఇల్లు చేరడం నా వల్ల కాలేదు. రాశాను: “నూలు పోగు కొసను పట్టు పోగు కొసతో బూడిద వేళ్ల నడుమ కలిపి, కుడికి మూడు మెలికలు తిప్పి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వదలడం.” కుడికి ఎందుకంటే నాది కుడిచేతి వాటం. మూడు ఎందుకంటే మూడు వినడానికి బాగుంటుంది. ఊపిరి సంగతి పూర్తిగా నా సొంతం. అది నాకు ఎంత నచ్చిందంటే, పట్టీ మొత్తంలో ఎవరికైనా చదివి వినిపించాలంటే ముందు ఆ పేజీయే తెరిచేవాణ్ని.

ఎండాకాలం చివర ఒక వారం వెళ్లేసరికి సందులో చప్పుడు లేదు. మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. జ్వరమని దవాఖానలో చేర్చారట, మూడో రోజు పోయాడట. దుప్పటి కింద సగం దాటిన చీర అట్లాగే ఉంది. ఒళ్లు దాదాపు అయింది, కొంగు అతుకు మిగిలింది. నేను గోడ పక్క నా చోట కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక హాజరు పట్టీ తెరిచాను, మూశాను.

ఇంటికొచ్చాక, ఆయన చెప్పిన మాటల పక్కన ఒక్కో చుక్క పెట్టాను. రెండువందల దాకా చుక్కలయ్యాయి. అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది. ఇంకెవరెవరు పోయారా అని చూశాను. గోపాల్‌పేట కుమ్మరి. పెబ్బేరులో నా పళ్లు లెక్కబెట్టిన దళారి. చుక్కలు పెడుతూ పోతే పేజీలు పొక్కులు పోసినట్టయ్యాయి. నాకొక పాత అలవాటుంది, పేర్ల వరస కనబడితే పైకి పిలుస్తాను. భోజనం చేసి వసారాలో కూర్చుని “నాడె” అని పిలిస్తే, “హాజర్ సార్” అని పెద్దాయన గొంతు పలికేది. హాస్యానికి చెప్పడం లేదు. మొదట్లో నాకు బాగానే ఉండేది. పోయినవాళ్లకు నేనొక బడి పెట్టానని మురిసిపోయాను కూడా.

ఆయన పోయిన నెలకో ఏమో, పలకరిద్దామని మళ్లీ వెళ్లాను. కోడలు మగ్గం మీది దుప్పటి తీసి ఉంది. నన్ను కూర్చోమని కూడా అనకుండా అడిగింది.

“సారూ, కొంగు అతుకు మామ ఏ దిక్కు తిప్పుతుండె? మీరు రాసుకున్నరు గద?”

చీరను ఆమే పూర్తి చేయాలి. ఏడాది నాడు చుట్టాలు దాని మీద వేళ్లు పెడతారు. ఆయన పేరంతా ఆ అతుకు మీదుంది. ఇవన్నీ నాకు తెలుసు. “లేదు బిడ్డా, నేను చూడలేదు, అది బస్సులో కల్పించి రాసింది” అనడానికి అర నిమిషం పట్టదు. నేను పట్టీ తెరిచి, తరగతిలో చదివే గొంతుతో చదివాను.

“కుడికి మూడు” అంది.

“కుడికి మూడు.”

“ఊపిరి బిగబట్టి?”

“అవును. నేను దగ్గర కూసోని చూసిన.”

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమె మొహంలో బిగువు సడలింది. “మంచిది సారూ” అని రాట్నం దగ్గరికి పోయి కూర్చుంది. అది కృతజ్ఞత అనుకుని, ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

పై ఏడు, నాగర్‌కర్నూలులో లైబ్రరీ వాళ్లు నన్ను మాట్లాడమన్నారు. వచ్చింది పదిహేను మంది, అందులో సగం నాలాంటి పెన్షన్‌దార్లు. నేను ‘అతుకు’ పేజీ చదివాను. ఊపిరి దగ్గర ఆగి, చేత్తో చూపించి, వదిలాను. చప్పట్లు కొట్టారు. అయిపోయాక వెనక బెంచీలోంచి ఒకామె లేచి వచ్చింది.

“నేను ఆయన బిడ్డను సారూ. ఈ ఊరికే ఇచ్చిండ్రు నన్ను. మా నాయన చెయ్యి గింత మంచిగ చెప్పినోళ్లు ఎవరు లేరు.”

నేను పొంగిపోయి, “చీర అందిందా తల్లీ?” అన్నాను.

“యాడిది సారూ? అతుకు జారి పోగులన్ని ఊడిపోయినయట. మా వదినె కోసి పారేసింది. యాడాది నాడు చుట్టాల ముంగట పరిచేటందుకు బట్టనే లేకపాయె. మా మేనత్త మొహం మీదనే అడిగింది, ఇన్నేండ్లు మామ పక్కన కూసున్నవు, గింత అతుకు రాలేదా అని.”

“ఆమె ఏమంది?”

“ఏమంటది? తల వంచుకోని, నా చేత గాలె అన్నది.”

అక్కడ పదిహేను మంది ఉన్నారు. చదివిన పట్టీ నా చేతిలోనే ఉంది. “తప్పు మీ వదినెది కాదు” అనడానికి నోరు తెరిచాను. “అయ్యో” అన్నాను. లైబ్రరీ ఆయన చాయ్ కప్పు అందించాడు, పుచ్చుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు నేను గద్వాల దారిలో కృష్ణ వంతెన దాటలేదు. రాయచూరులో పెళ్లికి గద్వాల మీద కాకుండా మక్తల్ మీదుగా చుట్టూ తిరిగి పోయాను, తాళి కట్టడం అయిపోయాక చేరాను. పట్టీని బీరువా మీద పెట్టించాను. అది అక్కడున్నా వసారాలో మధ్యాహ్నం పూట “హాజర్ సార్” వినబడేది. నేను పిలవకముందే వినబడేది. ఒక్కో మాటకూ పలికి, ఒకచోట ఆగేది. ఆ ఆగిన చోట ఏ మాట ఉందో నాకు తెలుసు. మగ్గం చప్పుడు కూడా అంతే. ఏ ఊళ్లోనైనా సందులోంచి వినబడితే వరసగా వచ్చి, దెబ్బ పడాల్సిన చోట పడకుండా నిలిచిపోయేది. నేను నడక ఆపి, అది మళ్లీ మొదలయ్యేదాకా నిలబడేవాణ్ని.

ఇంకొకటి చెబితే నవ్వుతారు. నేను కల్పించిన ఊపిరి నన్ను పట్టుకుంది. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే ఊపిరి ఆగేది. సూదిలో దారం ఎక్కిస్తుంటే, తాళంచెవి తిప్పుతుంటే, కుళాయి కట్టేస్తుంటే ఆగేది. కుడికి తిప్పే ప్రతి పని దగ్గరా ఆగేది. డాక్టరు గుండె బాగానే ఉందన్నాడు. మా ఇంటామె అంతటితో వదల్లేదు.

“ఏంది, నల్ల తిప్పేటప్పుడు గూడ బిగబడ్తరు?”

చెప్పేశాను. బస్సులో రాసింది, కోడలికి చదివి వినిపించింది, నాగర్‌కర్నూలులో “అయ్యో” అన్నది, అన్నీ. ఆమె కూరగాయల పళ్లెం పక్కన పెట్టింది.

“ఆ పిల్ల అందరితోటి మాటలు పడ్డది. మీరు ఈడ కూసోని ఊపిరి బిగబట్టిండ్రు. పోయి చెప్పి రాండ్రి.”

నోటితో చెప్పబోతే మళ్లీ ఏదో పెంచుతానని భయం. అందుకని ఇప్పటిదాకా మీరు చదివినదంతా కాగితాల మీద రాసుకున్నాను. ఆ కాగితాలతో గద్వాల వెళ్లాను. వంతెన మీద బస్సు పోతున్నంతసేపూ కళ్లు మూసుకున్నాను.

సందులో చప్పుడుంది. గుంటలో ఇప్పుడు కోడలు కూర్చుని ఉంది. జుట్టులో అక్కడక్కడ తెల్లబడింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“శానొద్దులకు వచ్చిండ్రు. కూసోండ్రి.”

గోడ పక్క నా పాత చోట కూర్చుని మొదటినుంచి చదివాను. ఆమె నేస్తూనే వింది. నాగర్‌కర్నూలు దగ్గర నేను వరస తప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఆమె నాడె ఆగలేదు. చదవడం అయిపోయాక ఇంకో నాలుగు పోగులు వేసి, అప్పుడు ఆపింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది. తప్పు నాది బిడ్డా. నువ్వు మోసినవు.”

“ఆ అతుకు ఎవరిదనుకుంటున్నరు సారూ?”

“మీ మామది.”

“నాది. మామ కండ్లకు పొరలొచ్చి అప్పటికే రెండేండ్లు. పోగు కొస యాడ దొరుకుతది ఆయనకు? అతుకులన్ని నేనే ఏస్తుంటి. మిమ్ముల పొద్దుగాల రమ్మన్ననాడు, మీరొచ్చే లోపటనే అయిపోవాలెనని ఉరికురికి అతికిన. మీరే ఆలస్యం వస్తిరి, బతికినం అనుకున్న.”

నా చేతిలో కాగితాలు జారుతుంటే ఒళ్లోకి లాక్కున్నాను.

“మరి నన్నెందుకడిగినవు, ఏ దిక్కు తిప్పుతుండె అని?”

“మీకు ఎరుకనా కాదా చూద్దమని. మీరు ఊర్లన్ని తిరిగేటోళ్లు. మామకు కండ్లు లేవని యాడన్న అంటరేమోనని పరేషాన్ల ఉంటి. మీరు కుడికి మూడన్నరు. నేను ఎడమకు తిప్పుత, ఒక్కటే. పైనుంచి దగ్గర కూసోని చూసిన అంటిరి. గప్పుడు పానం నిమ్మలమైంది.”

“అయితే అతుకు జారిందని…”

“అతుకు దాక ఎవరు పోయిండ్రు సారూ? ఆ చీర అంచే ఖరాబుండె. పొడుగునా సందులు, వేలు పట్టేటన్ని. దినాం పొద్దున ఆయన లేవకముందు జానెడు విప్పి మళ్ల నేస్తుంటి. మీరొచ్చిన దినం మాత్రం మామ మగ్గం దిగకపోతుండె. సారు చూస్తున్నడని మూరలకు మూరలు నేస్తుండె. అన్ని విప్పనీకె నాతోని గాలె.”

ఆమె తెగిన పోగొకటి వెతికి పట్టుకుని, బూడిద అద్ది, ఎడమకు ఒక్కసారి తిప్పి వదిలింది. ఆమె మామూలుగానే ఊపిరి తీస్తోంది.

“పరిచింటె చుట్టాలందరు వేలు పెడ్తుండ్రి. అందుకే కోసిన. నా చేత గాలెనన్న. నా పేరు పోతే నేను మళ్ల నేసి తెచ్చుకుంట. మామ యాడికెల్లి తెచ్చుకుంటడు?”

కాగితాలు మడిచాను. ఇది ఎవరికీ చూపించనని చెప్పాను.

“ఎందుకు? ఆడబిడ్డకు నేనే చెప్పిన మొన్న. ఏడ్చింది, పోయింది. పేర్లు పెట్టకుండ రాయండ్రి. గని మీ మాటతోని చీర చెడ్డదని మాత్రం రాయకుండ్రి, అది అబద్ధం. మీ మాట ఎవరు నేసిండ్రు? ఆర్నెల్లు పక్కన కూసోని రాసుకుంటిరి, ఒక్కనాడన్న బట్ట దిక్కు చూడలే. గది రాయండ్రి.”